పొట్టలక్క, డ్రైవరు, రెండు కప్పుల కాఫీ

ఈ లోకంలో మా అమ్మమ్మ చూసినన్ని పొట్టలు ఇంకెవరూ చూసి ఉండరు. బయటి నుంచి చూడటం గురించి కాదు నేను చెబుతున్నది, ఆ మాటకొస్తే ప్రతి దర్జీ చూస్తాడు. లోపలి వైపు నుంచి. దేవుడంతటివాడు కూడా పొట్టల్ని తయారు చేసి, మూసేసి, కిందికి తోసి చేతులు దులుపుకున్నాడే గాని, మళ్లీ విప్పి తన పనితనం ఎలా ఏడ్చిందో చూసుకున్న పాపాన పోలేదు. ఆ పని మా అమ్మమ్మ చేసిపెట్టింది. ఎప్పుడైనా వాళ్లిద్దరూ ఎదురుపడితే ముందు లేచి నిలబడాల్సింది ఆయనే.

అవి ఎలుకల పొట్టలు కావడం చిన్న విషయం.

అమ్మమ్మ వయసులో ఉండగా మందులు పరీక్షించే ఒక ల్యాబులో బోన్లు కడిగే పనికి చేరింది. పొడుగాటి గది, గోడ పొడవునా ఇనుప అరలు, అరల నిండా బోన్లు, బోన్లలో తెల్ల ఎలుకలు. గదంతా తడిసిన రంపపు పొట్టు వాసన. ఆ వాసన ఆవిడ జుట్టుకు ఎంతగా పట్టేసిందంటే, ఇంటికి వచ్చే దారిలో పిల్లులు వెంటపడేవని తాత చెబుతాడు. తాత మాటల్లో సగం తీసేసినా ఒక పిల్లి అయినా వచ్చి ఉంటుంది.

అక్కడ ఎక్కువగా పరీక్షించేవి నొప్పి మాత్రలు. నడుం పట్టేసినా, పన్ను సలిపినా మనం మందుల షాపుకు పోయి అడిగి కొనుక్కుని చాక్లెట్టులా నోట్లో వేసుకుంటామే, అవే. అవి వాపు తగ్గిస్తాయి, నొప్పి తగ్గిస్తాయి, ఊరికే పోకుండా పొట్ట లోపలి పొరను గీరి మరీ పోతాయి. కొత్త మాత్ర తయారు చేసినవాళ్లు "మాది పొట్ట జోలికి పోదు" అని చెప్పుకోవాలంటే, పాత మాత్ర పొట్టను ఏం చేస్తుందో పక్కన పెట్టి చూపించాలి కదా. అందుకోసం ఎలుకలు ప్రాణాలిచ్చేవి. ఎవరూ వాటిని అడిగి తీసుకున్నది లేదనుకోండి.

ముందురోజే వాటికి తిండి ఆపేసేవారు. ఆకలేస్తే ఎలుక తన పెంటికలు తనే తినేస్తుంది కాబట్టి అడుగున పొట్టు తీసేసి ఇనుప జల్లెడ వేసేవారు. పొద్దున్నే మెడ వెనక తోలు ఒడిసిపట్టి ఎత్తి, మొన లేని వంకర సూదితో మందును గొంతులోంచి సరాసరి కడుపులోకి దించేవారు. కొన్ని గంటలయ్యాక గ్యాసు పెట్టి నిద్రపుచ్చేవారు. ఇక లేవవని తేలాక పొట్ట తీసి, వంపు వెంట కత్తిరించి, ఉప్పునీళ్లతో కడిగి, బెండు పలక మీద గుండుసూదులతో పరిచేవారు. బాగున్న పొట్ట లేత గులాబీ రంగులో మడతలు మడతలుగా ఉంటుంది. మాత్ర కాటు పడిన పొట్ట మీద సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి గీతలు, చుక్కలు ఉంటాయి. భూతద్దం పెట్టి ఆ గీతల్ని చూసి మార్కులు వేయాలి. సున్నా వచ్చిన పొట్టే అక్కడ క్లాసు ఫస్టు.

బోన్లు కడిగే మనిషి చేతికి భూతద్దం ఎలా వచ్చిందంటే, అంతకు ముందు మార్కులు వేసే పెద్దమనిషికి రక్తం చూస్తే కళ్లు తిరిగేవి. వారానికోసారి ఆయన్ని గుమ్మంలోకి ఈడ్చి మొహాన నీళ్లు కొట్టే పని కూడా అమ్మమ్మదే. ఇది చూసీ చూసీ ల్యాబు నడిపే పెద్ద డాక్టరమ్మ ఒకరోజు అమ్మమ్మను పిలిచి, రెండు పలకలు ముందు పెట్టింది.

"ఇవి మాత్ర ఇచ్చినవి. ఇవి ఉత్త నీళ్లు ఇచ్చినవి. చూసి చెప్పు."

అమ్మమ్మ భూతద్దం తీసుకుని మొదటి పలక మీదికి వంగింది. "అమ్మో! వీటి నిండా పుండ్లే మేడమ్. ఇదిగో ఇక్కడొకటి. ఈ మడత కింద ఇంకోటి నక్కింది చూడండి. ఎంత అల్లాడిపోయాయో పాపం! ఆ పలకలోవి మాత్రం అద్దంలా ఉన్నాయి."

"రెండు పలకల్లోవీ నీళ్లు తాగినవే," అంది డాక్టరమ్మ.

అమ్మమ్మ మళ్లీ భూతద్దం పట్టుకుని మొదటి పలక మీదికి వంగింది.

"నువ్వేం అబద్ధం చెప్పలేదులే. ఏం కనిపించాలో ముందే తెలిస్తే కళ్లు అదే చూపిస్తాయి. నాకైనా అంతే. అందుకే ఏ బోనుకు ఏం ఇచ్చారో నీకెవరూ చెప్పరు, నువ్వూ అడగొద్దు. తెలిసినవాళ్లు మార్కులు వేస్తే చెల్లదు."

ఆ రోజు అమ్మమ్మకు అన్నం సహించలేదు. ఆ మాట మాత్రం ఆవిడ చెవిలో ఇల్లు కట్టుకుని ఉండిపోయింది. అప్పట్నుంచి పని మానేసే దాకా పలక మీది పొట్ట ఏ బోనుదో, ఆ బోనుకు ఏం ఇచ్చారో ఆవిడ కనుక్కోలేదు. ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకుని పాట అందుకునేది. గొంతు బాగుండదు కాబట్టి వాళ్లే ఆపేసేవారు. ల్యాబులో అందరూ ఆవిడను పొట్టలక్క అనేవారు. జీతాలిచ్చే గుమాస్తాకు కూడా అసలు పేరు గుర్తుండేది కాదు.

ల్యాబు పద్ధతులన్నీ ఆవిడ ఇంటికి మోసుకొచ్చింది. మాకు దగ్గు మందు పోయాల్సి వస్తే మెడ వెనక ఒడిసిపట్టి, గడ్డం కింద బొటనవేలు పెట్టి పోసేది. ఆ పట్టులో ఉమ్మిన మనవడు గాని మనవరాలు గాని లేరు. మా అమ్మా పిన్నీ ఎవరి కూర బాగుందని పోట్లాడుకుంటే, అమ్మమ్మ గోడవైపు తిరిగి కూర్చుని, గిన్నెలు వెనకనుంచి అందించమనేది. ఎవరిదో తెలియకుండా తిని రెండూ బాగాలేవని చెప్పేది. ఇక పొద్దున లేవగానే ఇంటిల్లిపాదికీ ఒకటే పలకరింపు: "ఇవాళ ఏ రంగు?"

పొట్టలో రక్తం కారితే దొడ్డికి నల్లగా పోతుంది. ఆవిడ బెంగ అది. చుట్టాలొచ్చినా వదిలేది కాదు. కొత్తగా అల్లుడైన రోజుల్లో మా నాన్న ఆ ప్రశ్నకు కాఫీ కప్పు కింద పెట్టేసి, స్నానానికి పోయి, మధ్యాహ్నం దాకా బయటికి రాలేదట. తాత మాత్రం ఎన్నో ఏళ్లుగా ఒకటే జవాబు చెప్పేవాడు: "ఏడు రంగులూనే!"

తాత బస్సు డ్రైవరు. జీవితమంతా అదే సీటులో కూర్చుని నడుం విరగ్గొట్టుకున్నాడు. ఇద్దరూ ఉద్యోగాలు మానేశాక మూడో అంతస్తులో, లిఫ్టు లేని ఇంట్లో ఉండేవారు. సాయంత్రమైతే కిందికి దిగి బస్టాపు బెంచీ మీద కూర్చోవడం వాళ్ల షికారు. తాత వచ్చే పోయే డ్రైవర్లను తిట్టేవాడు, అమ్మమ్మ దిగే ఎక్కే జనాన్ని తిట్టేది. "అటు చూడు, ఆయన నడక. పొట్టలో పుండుంది." "ఆ మలుపు అలా తిప్పుతాడా, వాడి చేతులు విరగ!" చీకటి పడే దాకా ఇదే వరస. అంత అన్యోన్యమైన జంటను నేను ఇంకెక్కడా చూడలేదు.

అలాంటిది, అమ్మమ్మ మోకాళ్లు అరిగిపోయాయి. మెట్లు దిగడం మానేసింది. ఎలాగో ఒక్కసారి దింపి తీసుకుపోతే, డాక్టరు చూసి నొప్పి మాత్రలు రాశాడు. తిన్నాకే వేసుకోమన్నాడు, పొట్టకు కాపలాగా ఇంకో గొట్టం మాత్ర కూడా రాశాడు. అమ్మమ్మ చీటీ చదివించుకుని, చేతులు జోడించి, "బాబూ, వీటి సంగతి నాకు తెలుసు. ఇవి వేసుకున్నవాళ్లను నేను బెండు పలక మీద చూశాను," అని లేచి వచ్చేసింది.

తాత ఒక్కడే బెంచీకి పోవడం మొదలుపెట్టాడు. రెండు రోజులకే విసుగెత్తింది. పక్కన కూర్చుని తిట్టే మనిషి లేకపోతే తిట్టు ఎంత బాగున్నా ఏం లాభం? పైకి వచ్చి బతిమాలాడు.

"ఒక్కటంటే ఒక్క మాత్ర వేసుకోవే. చచ్చిపోవు."

"అదే మాట ఎలుకలకు కూడా చెప్పారు."

"నువ్వు ఎలుకవా?"

"నువ్వు డాక్టరువా?"

తాత తోక ముడిచాడు. ముడిచినట్టు కనిపించాడు, అంతే. మర్నాడు చీటీ పట్టుకుని మందుల షాపుకు పోయి నొప్పి మాత్రలు మాత్రం తెచ్చుకున్నాడు. ఆవిడకు నొప్పి మోకాళ్లలో గాని పొట్టలో కాదు కదా, ఇక గొట్టం మాత్ర దేనికని షాపులోనే వదిలేశాడు. బస్సు రిపేరుకు వస్తే చెడిన చక్రం మారుస్తారు గాని అన్నీ మారుస్తారా అని ఆయన లెక్క.

ఇద్దరిలో ముందు లేచేది తాతే. పొద్దుటి కాఫీ ఆయనే పెడతాడు. స్పూను వెనకవైపుతో మాత్రను మెత్తగా పొడి కొట్టి అమ్మమ్మ కప్పులో వేసి, చేదు తెలియకుండా చక్కెర గుమ్మరించాడు. పరగడుపున ఆ కాఫీ కప్పు ఆవిడ చేతికిచ్చి, బాల్కనీలోకి పోయి బస్సులు చూస్తూ నిలబడ్డాడు.

అమ్మమ్మ ఒక గుక్క తాగింది. పళ్లు జివ్వుమన్నాయి. ఆవిడకు తీపి పడదు. తాతకేమో తీపంటే ప్రాణం, కాని చక్కెర తగ్గించమని మా అమ్మ ఫోనులో రోజూ సాధిస్తుంటుంది. అమ్మమ్మ రెండు కప్పుల వైపూ చూసింది. బల్ల మీద తాత కప్పు ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది, చప్పటి కాఫీ. "పిచ్చి మొహం," అనుకుంది. "తను మానేసి నాకు పోస్తున్నాడు. మోకాళ్లు నొప్పులని జాలి కాబోలు." ఆయన ఇంకా బాల్కనీలోనే ఉన్నాడు. ఆవిడ చప్పుడు కాకుండా తన కప్పు అక్కడ పెట్టి, ఆయన కప్పు ఇటు తెచ్చుకుంది.

ల్యాబులో ఒక బోను చీటీ ఇంకో బోనుకు తగిలించి ఎరగని మనిషి, సొంత వంటింట్లో రోజూ కప్పులు మార్చేసింది.

తాత తన కాఫీ తాగేవాడు. తియ్యగానే ఉండేది, అడుగున కాస్త చేదుగా కూడా ఉండేది. కాని బస్టాండు కాఫీలు తాగీ తాగీ ఆయన నాలుక ఎప్పుడో కన్నుమూసింది. తియ్యగా ఉంటే అదృష్టమనుకుని గుటుక్కున తాగేసేవాడు.

వారం తిరక్కుండానే తాత మా అమ్మకు ఫోను చేశాడు. "మీ అమ్మ మోకాళ్లు తగ్గుతున్నాయే! నిన్న వంటింట్లోంచి హాల్లోకి గోడ పట్టుకోకుండా వచ్చింది!" ఆ తర్వాత పిన్నికి చేశాడు. "మీ అమ్మ లేడిపిల్లలా గంతులేస్తోంది!" ఎందుకు తగ్గుతున్నాయో మాత్రం ఎవరికీ చెప్పలేదు, లోలోపల మురిసిపోయాడు. పనిలో పనిగా తన నడుం నొప్పి కూడా మాయమైందని, కుర్చీలో వీపు వెనక పెట్టుకుంటున్న కొత్త దిండు మహిమ అని చెప్పాడు. మేమంతా దిండును మెచ్చుకున్నాం. పిన్ని అలాంటిదే ఇంకోటి కొనుక్కుంది కూడా.

రోజులు గడిచాయి. అమ్మమ్మకు తాత తీరు ఎందుకో నచ్చలేదు. నడుం తిన్నగా ఉంది గాని మనిషి ముడుచుకుపోతున్నాడు. మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. పళ్లెంలో అన్నం కెలుకుతున్నాడు. జుట్టు దువ్వినా లేచి నిలబడుతోంది. ల్యాబులో ఎలుక ఇలా మూలన చేరి బొచ్చు లేపుకుని కూర్చుంటే అమ్మమ్మ వెంటనే డాక్టరమ్మను పిలిచేది.

"ఇవాళ ఏ రంగు?"

"ఏడు రంగులూనే," అన్నాడు తాత. కాని గొంతులో జోరు లేదు.

అలవాటైన జవాబు కదా, నోటికి అదే వచ్చింది. నిజానికి ఆయనకు భయంగానే ఉంది, అందుకే చెప్పలేదు. ఏదో పాడు రోగమని లోలోపలే తేల్చేసుకుని, ఇంకెవరికీ తెలియనివ్వకూడదనుకున్నాడు. ఆయన్ని పట్టించింది బాత్రూములో చెడిపోయిన ఫ్లష్. ప్లంబరు రేపు మాపంటూ తిప్పుతున్నాడు. తాత బకెట్టుతో నీళ్లు పోసి వచ్చాడు గాని సరిగా పోయలేదు. వెనకే గోడ పట్టుకుంటూ వెళ్లిన అమ్మమ్మ లోపలికి తొంగి చూసి ఉన్నచోటే నిలబడిపోయింది.

నల్లగా, జిగటగా, కొత్తగా పరిచిన రోడ్డులా ఉంది. జన్మంతా తారు రోడ్డు మీద బండి నడిపిన మనిషి చివరికి తనే తారు పోస్తున్నాడు.

అమ్మమ్మ హాల్లోకి వచ్చింది. అరవలేదు. అరవకపోవడమే తాతను హడలగొట్టింది.

"ఏం మింగుతున్నావు?"

"నేనా? ఏం మింగలేదే."

"నొప్పి మాత్రలు మింగుతున్నావు. నిజం చెప్పు. నడుముకా?"

"నీ మీద ఒట్టే! నేను ఒక్కటి కూడా ముట్టలేదు. అన్నీ నీకే..." అనేసి నాలుక కరుచుకున్నాడు.

"నాకే?"

తాత నేల చూపులు చూస్తూ చెప్పేశాడు. "నీ కాఫీలో. రోజూ. పొద్దున పూట ఒకటి."

అమ్మమ్మ కుర్చీ పట్టుకుని మెల్లగా కూలబడింది. "ఓరి దేవుడా. ఆ కాఫీ రోజూ తాగుతున్నది నువ్వే కదయ్యా! చక్కెర ఎక్కువైందని నేను కప్పులు మారుస్తున్నాను."

తాత మొహం చూడాలి అప్పుడు. చావు భయం కంటే ముందు ఆయనకు పౌరుషం వచ్చింది. "నువ్వు తాగలేదా? మరి నీ మోకాళ్లు ఎలా తగ్గాయి?"

"తగ్గాయని ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పడమేంటి! నా కళ్లతో చూశాను! గోడ పట్టుకోకుండా వచ్చావు!"

"గోడకు రంగు వేయించావు కదా! తడిగా ఉంది, చేతికంటుతుందని పట్టుకోలేదు! ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిచి వచ్చాను!"

తాత ఏదో అనబోయి లేచాడు. లేచినవాడికి కళ్లు బైర్లు కమ్మాయి. కొత్త దిండు మీదికే ఒరిగిపోయాడు. ఒళ్లంతా చల్లటి చెమట.

కింది అంతస్తులో ఉండే ఎలక్ట్రీషియన్ అమ్మమ్మ కేకలకు పరిగెత్తుకొచ్చి తాతను భుజాన వేసుకుని దిగాడు. వెనకే అమ్మమ్మ. సినిమాల్లోలాగా మోకాళ్లు ఒక్కసారిగా బాగైపోలేదు. మొదటి మెట్టు మీద కూర్చుంది. అక్కణ్నుంచి పిర్రల మీద, మెట్టు మెట్టుకూ జారుతూ, మెట్టు మెట్టుకూ తాతను తిడుతూ మూడంతస్తులూ దిగింది. "కన్ను మూశావా, చంపేస్తాను! వినబడుతోందా డ్రైవరూ! పలుకు!" కిందనుంచి ఎలక్ట్రీషియన్ భుజం మీద తలకిందులుగా వేలాడుతూ తాత సన్నగా "ఊఁ" అంటూ వచ్చాడు. ఆ "ఊఁ" కోసమే తిడుతోందని ఆయనకు తెలుసు.

ఆస్పత్రిలో యువ డాక్టరు మొదట రక్తం ఎక్కించమని నర్సుకు చెప్పి, తర్వాత వీళ్లవైపు తిరిగాడు.

"నొప్పి మాత్రలు ఎవరిచ్చారు?"

"నేనే," అన్నాడు తాత స్ట్రెచరు మీదనుంచి.

"నేనే," అంది అమ్మమ్మ.

"ఎవరు వేసుకున్నారు?"

తాత అలవాటు కొద్దీ అమ్మమ్మను చూపించాడు. అమ్మమ్మ తాతను చూపించింది. డాక్టరు ఇంకేం అడగకుండా, గొట్టానికి కెమెరా తగిలించి తాత నోట్లోంచి పొట్టలోకి పంపాడు. లోపల పుండు రక్తం చిమ్ముతోంది. గొట్టంలోంచే సూది మందిచ్చి రక్తం ఆపేశాడు. బయటికొచ్చి, ప్రాణానికి ప్రమాదం తప్పిందని చెప్పాడు. అప్పటికి మా అమ్మా నేనూ చేరుకున్నాం. అమ్మమ్మ బెంచీ మీద, చీర వెనకంతా మెట్ల దుమ్ముతో, నిటారుగా కూర్చుని ఉంది.

"మాత్రల తప్పు కాదమ్మా," అన్నాడు, ఆవిడ ల్యాబు కథంతా అప్పటికే విన్న డాక్టరు. "మోతాదు ప్రకారం, తిన్నాక, పొట్టకు కాపలా మందుతో వేసుకుంటే చాలామందికి ఏమీ కాదు. ఎలుకలు మనకంటే సున్నితం. కాని ఈ వయసులో దొంగచాటుగా పొడి కొట్టి, పరగడుపున రోజూ పోస్తే..."

"ఎలుకలకూ అలాగే పోసేవాళ్లం," అంది అమ్మమ్మ. "వాటిని కూడా అడిగేవాళ్లం కాదు."

డాక్టరు కంప్యూటరు తెర ఇటు తిప్పి లోపల తీసిన బొమ్మ చూపించాడు. లేత గులాబీ రంగు మడతలు. ఒక మడత మీద రక్తం ఆగిన పుండు. అమ్మమ్మ తెర దగ్గరికి వంగింది. భూతద్దం కోసం చెయ్యి తడుముకోవడం నేను చూశాను. అన్ని పొట్టలు చూసిన మనిషికి, ఎవరిదో తెలిసి చూసిన మొదటి పొట్ట అది.

"ఎన్ని మార్కులు అమ్మమ్మా?" అన్నాను, ఏడవకుండా ఉండటానికి.

ఆవిడ తెర మీద ఆ మడతను వేలితో ఒకసారి తుడిచి, "తిప్పేయండి బాబూ," అంది.

తాత ఇంటికొచ్చాడు. పుండు మానింది. నడుం నొప్పి సకుటుంబంగా తిరిగొచ్చింది. పిన్ని తన దిండు పక్కింటివాళ్లకిచ్చేసింది. ల్యాబులో ఎలుకల తోకలకు ఇంకు పెన్నుతో సున్నాలు చుట్టినట్టు, అమ్మమ్మ కాఫీ కప్పుల చెవులకు గోళ్ల రంగుతో సున్నాలు చుట్టింది. ఒక సున్నా తాతది, రెండు సున్నాలు ఆవిడవి. మారిస్తే చేతులు విరుగుతాయని ఇద్దరికీ వర్తించేలా ప్రకటించింది.

మోకాళ్లకు డాక్టరు చెప్పిన కసరత్తు చేస్తోంది, పైన పూసుకునే మందు పూసుకుంటోంది. కొంచెం మేలంటుంది. సాయంత్రం బెంచీ షికారు మళ్లీ మొదలైంది. తాత ఆ మహిమ గల దిండును మెట్టు మీద వేస్తాడు, అమ్మమ్మ దాని మీద కూర్చుని జారుతుంది, తాత దిండు తీసి కింది మెట్టు మీద వేస్తాడు. బెంచీకి చేరేసరికి సగం బస్సులు వెళ్లిపోతాయి. దారి పొడవునా ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటారు కాబట్టి పెద్దగా నష్టం లేదు.

ఇదంతా రాసి నిన్న అమ్మమ్మకు చదివి వినిపించాను. కళ్లు మూసుకుని చివరిదాకా విన్నది. మెచ్చుకుంటుందని, కనీసం కళ్లు తుడుచుకుంటుందని ఎదురుచూశాను.

"ఎలా ఉంది అమ్మమ్మా?"

"ఏ కప్పులో ఏముందో ముందే తెలిసి రాశావు. చెల్లదు," అంది. "పోయి ఆ రెండు కప్పులూ కడుగు. సున్నాలు చెరిగిపోతే వీపు చీరేస్తా."